నాన్నతో క్లోటోక్ పడవలో మూడు రోజులు: తంజుంగ్ పుటింగ్ ఒరాంగుటాన్ ట్రిప్ రివ్యూ

రెండో రోజు పొద్దున్న 9 గంటలకి ఇండోనేషియా అడవిలో పొందోక్ తంగ్గుయ్ అనే చోట రేంజర్లు చెక్క మంచె మీద బుట్టలకొద్దీ అరటిపళ్లు పోసి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అడవిలోకి పెద్దగా కేకేసి పిలిచారు. మేం తాడుకి ఇవతల బెంచీల మీద గంటన్నర కూర్చున్నాం. ఒరాంగుటాన్లు, అంటే ఎర్రజుట్టు పెద్ద వానరాలు, ఒక్కటి కూడా రాలేదు, ఉడతలొచ్చి నాలుగు పళ్లు కొరికిపోయాయి అంతే. పక్కన ఇంకో పడవలోంచి దిగినవాళ్లు ఇంత డబ్బు పోసి వచ్చింది దీనికా అని వాళ్ల గైడ్ మీద గట్టిగానే విసుక్కున్నారు, పాపం ఆ కుర్రాడు తలొంచుకుని నిలబడ్డాడు. మా గైడ్ మాత్రం మొహం వెలిగిపోతూ మా నాన్న దగ్గరికొచ్చి "పాక్ (అంటే అయ్యగారూ), అడవిలో పళ్లు బాగా ఉన్నాయి, వాటికి మన అరటిపళ్ల అవసరం పడలేదు, ఇవాళ మంచి రోజు" అన్నాడు. నేను అది తెలుగులో చెప్తే నాన్న ఒక్క నిమిషం ఆగి "అవునమ్మా, ఇంట్లో కడుపు నిండినోడు పక్కింటికి ఎందుకెళ్తాడు" అన్నారు.

ఈ ట్రిప్‌కి వెళ్దామనుకునేవాళ్లకి ముందు ఇదే చెప్పాలనిపించింది. మంచె ఖాళీగా ఉంటే డబ్బులు దండగ అనుకునేవాళ్లు దయచేసి జూకి వెళ్లండి. అలా కాదు, అది సంతోషించాల్సిన విషయమే అని మీకూ అనిపిస్తే మాత్రం ఇది చదివి తప్పకుండా ప్లాన్ చేసుకోండి. నా రేటింగ్ అయిదుకి నాలుగు, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద రాస్తాను.

మేం వెళ్లింది ఇండోనేషియాలో, బోర్నియో దీవిలో వాళ్ల భాగమైన కలిమంతాన్‌కి. తంజుంగ్ పుటింగ్ నేషనల్ పార్క్ సెంట్రల్ కలిమంతాన్‌లో ఉంది, 4 వేల చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. నేను 2014 నుంచి సింగపూర్‌లో ఉంటున్నా, నాన్న మా ఊరి నుంచి, అంటే ఏలూరు దగ్గర పెదవేగి వైపు నుంచి నా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకెళ్లా. సింగపూర్ నుంచి జకార్తా, అక్కణ్ణుంచి పంగ్‌కలాన్ బున్ అనే చిన్న ఎయిర్‌పోర్టుకి గంటకి కాస్త పైన ఫ్లైట్, అక్కణ్ణుంచి కారులో అరగంట లోపే కుమాయ్ అనే రేవు. ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా ఆన్ అరైవల్ ఉంది, మేం వెళ్లినప్పుడు మనిషికి 5 లక్షల రుపియా తీసుకున్నారు, ఆ అంకె చూసి భయపడకండి, మన డబ్బుల్లో దాదాపు రెండున్నర వేలు. మూడు పగళ్లు రెండు రాత్రులు పడవ, గైడ్, వంట, పర్మిట్లు అన్నీ కలిపి మా ఇద్దరికీ 45 వేల రూపాయల దగ్గర పడింది, ఫ్లైట్లు వేరే. ఇంతకన్నా తక్కువకి ఇస్తామన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఎందుకు వద్దనుకున్నానో చెప్తా.

బుక్ చేసే ముందు ఆరుగురు ఆపరేటర్లకి ఒకే మెసేజ్ పెట్టా. ఒరాంగుటాన్ కనిపించకపోతే ఏం చేస్తారు, ఎంత దూరంలో నిలబెడతారు, చెత్త ఏం చేస్తారు, తాగేనీళ్లు బాటిళ్లా క్యాన్లా, జలుబు చేసినవాళ్లు ఎవరన్నా ఉంటే ఏం చేస్తారు, ఇవే ప్రశ్నలు. ఇద్దరు "గ్యారంటీగా చూపిస్తాం, దగ్గరగా ఫోటో తీసుకోవచ్చు" అని రాశారు, వాళ్లని అక్కడికక్కడే కొట్టేశా. ఒకళ్లు అసలు జవాబే ఇవ్వలేదు. ఒకళ్లు మాత్రం "గ్యారంటీ ఇవ్వలేం, పది మీటర్ల దూరం పాటిస్తాం, జలుబు ఉంటే మంచె దగ్గరికి తీసుకెళ్లం, పడవ మీదే ఉండాలి, దానికి డబ్బు వెనక్కివ్వం" అని రాశారు. అంత ముక్కుసూటిగా చెప్పినవాళ్ల మీద నమ్మకం కుదిరింది, వాళ్లతోనే వెళ్లాం. వాళ్ల పేరు రాయట్లేదు, ఎందుకంటే చివర్లో వాళ్ల మీదే ఒక కంప్లైంట్ ఉంది, అది అక్కడ చాలా పడవలకి ఉన్న సమస్యే. పైగా కంపెనీ పేరు కన్నా మీతో పడవ ఎక్కే గైడ్ ఎవరన్నదే ముఖ్యం, ముందే గైడ్ ఎవరో అడిగి వీలైతే అతనితో ఒకసారి మాట్లాడండి.

క్లోటోక్ అంటే రెండంతస్తుల చెక్క పడవ, ఇంజిన్ టొక్ టొక్ టొక్ అని కొట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. పైన డెక్ అంతా మనదే, చుట్టూ తెరిచే ఉంటుంది. పగలు రెండు కుర్చీలు, ఒక బల్ల, రాత్రయితే అక్కడే పరుపులేసి దోమతెర కడతారు. కింద కెప్టెన్, అతని సహాయకుడు, వంటావిడ ఉంటారు. నాన్నకి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కింద నుంచి పై డెక్‌కి ఉన్న చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, అదొక్కటే ఇబ్బంది. ఒక పడవలోంచి ఇంకో పడవలోకి అడుగేసి గట్టెక్కాల్సి వచ్చినప్పుడల్లా కెప్టెన్ ముందే వచ్చి చెయ్యి పట్టుకునేవాడు. మంచెల దాకా నడక మరీ కష్టమేం కాదు, కొంత దూరం ఉలిన్ చెక్కల బాట, తర్వాత వేర్లూ బురదా ఉన్న మట్టిదారి. ఉలిన్ అంటే అక్కడి ఇనుములాంటి కలప, నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా పుచ్చదంట. వానలో మాత్రం ఆ చెక్కలు బాగా జారతాయి, పెద్దవాళ్లకి గట్టి పట్టున్న బూట్లు, ఒక చేతికర్ర తప్పనిసరి.

తిండి గురించి నేను చాలా భయపడ్డా, నాన్న శాకాహారం, పైగా అన్నం, కూర, కారం లేనిదే కుదరదు. వంటావిడకి ముందు రోజే చెప్తే తెంపె, అంటే పులియబెట్టిన సోయా గింజల ముద్ద, వేయించి, తోటకూరలాంటి ఆకు కూర, బెండకాయ వేపుడు, పచ్చిమిర్చి సంబల్ అనే పచ్చడి చేసి పెట్టింది. సంబల్‌లో రొయ్యల ముద్ద వేస్తారు, శాకాహారులు ముందే చెప్పకపోతే అది వచ్చేస్తుంది, జాగ్రత్త. సాయంత్రం వేడివేడి అరటిపండు బజ్జీలు. నేను తెచ్చిన కందిపొడి నాన్న ఆవిడకి ఇస్తే చేతిలో వేసుకుని రుచి చూసి సీసా మొత్తం ఉంచేసుకుంటానని సైగ చేసింది, ఇచ్చేశాం.

ఫ్లైట్ దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూసి నాన్న "ఇది మన తోటేనమ్మా" అన్నారు. కింద కనుచూపు మేర పామాయిల్ తోటలు. మాకు ఊళ్లో ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది, 1990ల్లో పొగాకు తీసేసి వేసింది, నా చదువు ఆ గెలల మీదే జరిగింది. తొమ్మిది మీటర్ల త్రికోణం, ఎకరానికి 57 మొక్కలు, ఆ లెక్క ఆయనకి నోటికొచ్చు, కాబట్టి పైనుంచి చూడగానే గుర్తుపట్టేశారు. కానీ అక్కడి తోటకి హద్దు కనపడలేదు. మన దగ్గర తోట తర్వాత వరి, వరి తర్వాత ఊరు, ఊరి తర్వాత చెరువు ఉంటాయి, అక్కడ తోట తర్వాత తోట, దాని తర్వాత ఇంకా తోటే. నాన్న తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

కుమాయ్ నుంచి పడవ సెకోన్యెర్ నదిలోకి తిరిగాక మొదట రెండువైపులా నీపా చెట్లు, మన ఈతచెట్టు మట్టలు నేరుగా బురదలోంచి లేచినట్టు ఉంటాయి. నీళ్లు మట్టి రంగు. ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని అడిగితే పైన గనుల తవ్వకాల వల్ల ఇలా అయింది, రేపు అసలు నీళ్లు చూపిస్తా అన్నాడు గైడ్. మర్నాడు క్యాంప్ లీకీ వైపు ఉన్న పాయలోకి మళ్లగానే నీళ్లు ఒక్కసారిగా డికాషన్‌లా నల్లగా, అద్దంలా మారిపోయాయి. రెండు నీళ్లూ కలిసేచోట గీత గీసినట్టు కనపడుతుంది. ఆ నలుపు మురికి కాదు, వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న ఆకులూ కొమ్మల నేల, అదే పీట్ నేల, దాంట్లోంచి దిగే రంగు. ఈదాలనిపించేంత బాగుంటుంది కానీ మొసళ్లు ఉన్నాయి, ఈత నిషేధం, చెయ్యి కూడా పెట్టొద్దన్నారు.

మొదటి రోజు మధ్యాహ్నం 3 గంటలకి తంజుంగ్ హరపాన్ మంచె దగ్గర ఒక తల్లీ పిల్లా వచ్చాయి. ముందు ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు, తర్వాత పైన ఎర్రటి జుట్టు, ఆ తర్వాత ఆ తల్లి ఒక చెట్టుని తన బరువుతోనే వంచి పక్క చెట్టుని అందుకుని మెల్లగా దిగింది. పిల్ల తల్లి పొట్టకి కరుచుకునే ఉంది. నాన్న టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు, ఎందుకో నేను అడగలేదు. సాయంత్రం నది ఒడ్డున చెట్ల మీద పెద్ద ముక్కుల కోతులు గుంపులు గుంపులుగా నిద్రకి చేరాయి, వాటిని బెకంతాన్ అంటారు, డచ్చివాళ్ల ముక్కులు గుర్తొచ్చి వాటికి డచ్చి కోతులని ఇంకో పేరు కూడా ఉందట. రాత్రి ఇంజిన్ ఆపి ఒడ్డుకి కట్టేశాక ఒక చెట్టు నిండా మిణుగురులు. కొల్లేరులో ఆటపాక గూడబాతుల దగ్గర పడవెక్కినప్పుడు ఇంత నిశ్శబ్దం ఉంటే ఎంత బాగుండేదో అన్నారు నాన్న.

క్యాంప్ లీకీ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, చాలామందికి అక్కడ చూస్తున్నది ఏంటో తెలియకుండానే వెళ్లొచ్చేస్తున్నారు. 1971లో బిరూటే గాల్డికాస్ అనే ఆవిడ, ఆవిడ అప్పటి భర్త రాడ్ బ్రిండమోర్ అక్కడ మొదలుపెట్టిన క్యాంప్ అది. చింపాంజీల మీద జేన్ గూడాల్, గొరిల్లాల మీద డయాన్ ఫాసీ పనిచేసినట్టు ఈవిడ ఒరాంగుటాన్ల మీద, ముగ్గురికీ గురువు మనిషి పుట్టుక మీద పరిశోధించిన శాస్త్రవేత్త లూయిస్ లీకీ, ఆయన పేరే క్యాంప్‌కి పెట్టారు. పెంపుడు జంతువులుగా ఇళ్లలో బోనుల్లో బతికిన పిల్లల్ని తెచ్చి మళ్లీ అడవి నేర్పేవాళ్లు. మంచె మీద పళ్లు పెట్టడం అలా మొదలైంది, మన కోసం పెట్టిన షో కాదు. ఇలా మనుషుల మధ్య పెరిగినవాటిని అడవి ఒరాంగుటాన్లు ఉన్నచోట వదిలితే జబ్బులు అంటుకుంటాయని 1995లో ఇండోనేషియా ప్రభుత్వం అది ఆపేసింది. కాబట్టి ఇప్పుడు మంచె దగ్గరికి వచ్చేవి చాలావరకు అప్పట్లో వదిలినవి, వాటి పిల్లలు, మనవలు. అంటే సగం అడవివి, సగం మనిషి అలవాటు ఉన్నవి. ఇది తెలుసుకుని చూడండి. అడవి ఒరాంగుటాన్‌ని చూశామని చెప్పుకోవడానికి మంచె దగ్గర చూసింది సరిపోదు, కానీ ఆ మంచెల వల్ల జనం వస్తున్నారు, జనం వల్ల ఊళ్లలో ఇంతమందికి పడవ పని, వంట పని, గైడ్ పని ఉంది. మా కెప్టెన్ వాళ్ల నాన్న ఒకప్పుడు ఇదే నదిలో కలప దుంగలు లాగేవాడంట. కొడుకు ఇప్పుడు అదే నదిలో చెట్లు చూపించి బతుకుతున్నాడు. మంచెల్ని పూర్తిగా తప్పు పట్టడం నావల్ల కాలేదు.

నాకు ఒళ్లు మండింది కూడా క్యాంప్ లీకీలోనే. చెక్కల బాట మీద ఒక తల్లి ఒరాంగుటాన్ పిల్లనేసుకుని అడ్డంగా కూర్చుంది. మా గైడ్ వెంటనే మమ్మల్ని వెనక్కి, ఇంకా వెనక్కి అని జరిపి, అది లేచి వెళ్లేదాకా ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. వెనకాల వచ్చిన ఇంకో గుంపులో గైడ్ మాత్రం జేబులోంచి అరటిపండు తీసి దాన్ని పిలిచి, తన గెస్టుల్ని ఒక్కొక్కళ్లనే పక్కన నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఒకాయన దగ్గుతున్నాడు కూడా. మనకొచ్చే జలుబు, ఫ్లూ, టీబీ వాటికీ వస్తాయి, మనం నాలుగు రోజుల్లో లేస్తాం, అవి లేవకపోవచ్చు. ఆడ ఒరాంగుటాన్ ఒక పిల్లకీ ఇంకో పిల్లకీ మధ్య ఏడెనిమిదేళ్లు తీసుకుంటుంది, పిల్ల ఆరేడేళ్ల దాకా తల్లిని వదలదు, ఏ పండు ఎప్పుడు పండుతుందో, గూడు ఎలా కట్టాలో అన్నీ తల్లి దగ్గరే నేర్చుకోవాలి. ఒక తల్లి పోతే ఎంత పోతుందో లెక్కేసుకోండి. 2016 నుంచి బోర్నియో ఒరాంగుటాన్ కూడా అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలోనే ఉంది. మా గైడ్ వెళ్లి ఆ కుర్రాడితో వాళ్ల భాషలో నెమ్మదిగా ఏదో చెప్పాడు, గొడవేం పెట్టుకోలేదు. ఏమన్నావని అడిగితే, "టిప్పు కోసం చేస్తాడు, గెస్టు అడగకపోతే చెయ్యడు" అన్నాడు. అందుకే అడగొద్దు. దగ్గరికి తీసుకెళ్లమని, ముట్టుకోనివ్వమని అస్సలు అడగొద్దు, వాళ్లంతట వాళ్లు తీసుకెళ్తామన్నా వద్దనండి. మాస్క్ తీసుకెళ్లండి, మేం మంచెల దగ్గర పెట్టుకునే ఉన్నాం.

ఇంక అసలు అడవి ఒరాంగుటాన్ మూడో రోజు పొద్దున్న 6 గంటలకి కనపడింది. పడవ మెల్లగా కిందికి వస్తోంది, కెప్టెన్ ఇంజిన్ ఆపేసి వేలు చూపించాడు. నది ఒడ్డుకి కాస్త లోపల ఎత్తైన చెట్టు మీద రాత్రి కట్టుకున్న గూడు, ఆకులూ కొమ్మలూ వంచి చేసిన పరుపులాంటిది, రోజూ కొత్తది కట్టుకుంటాయంట. అందులోంచి ఒక పెద్ద మగది లేచి కూర్చుంది, రెండు బుగ్గలూ చేటల్లా వెడల్పుగా ఉన్నాయి. మమ్మల్ని చూసింది. చూసి ఇటువైపు వీపు తిప్పేసి మర్రిజాతి పళ్లేవో కోసుకుని తింటూ కూర్చుంది. నా ఫోన్‌లో అది ఒక ఎర్ర చుక్క. కానీ ఒక పది నిమిషాల తర్వాత ఆకుల్లోకి వెళ్లిపోయి అక్కణ్ణుంచి అరిచిన అరుపు, మొదట గొణుగుడులా మొదలై గర్జనలా పెరిగి చాలాసేపు సాగింది, అది మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. మంచె దగ్గర తీసిన వంద ఫోటోలూ ఇచ్చేసి ఆ పది నిమిషాలు ఉంచుకోమన్నా సరేనంటా.

ఆ రోజే పెసలాత్ అనే చోట దిగి మొక్కలు నాటాం, అడవి పోయినచోట మళ్లీ అక్కడి చెట్లే పెంచుతున్నారు. అక్కడ నాన్న, గైడ్ కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో నేను. పీట్ నేలలో తోటలు వెయ్యాలంటే నీరు తీసెయ్యడానికి కాలవలు తవ్వుతారు, ఎండిన పీట్ ఒకసారి అంటుకుంటే నేల లోపల కాలుతూనే ఉంటుంది, 2015లో ఇండోనేషియా మొత్తంలో 26 లక్షల హెక్టార్ల దాకా కాలిపోయింది. ఆ ఏడు నేను సింగపూర్‌లో ఉన్నా, ఆ పొగకి సెప్టెంబర్‌లో ఒకరోజు స్కూళ్లు కూడా మూసేశారు, అప్పుడు దాన్ని వాతావరణం అనుకున్నా తప్ప ఎవరి ఇల్లు కాలుతోందో ఆలోచించలేదు. నాన్న చెప్పిన మాట కూడా రాయాలి. "మేం అడవి కొట్టి వెయ్యలేదు బాబూ, పొగాకు తీసి వేశాం, కానీ మా బోర్లు ఎంత లోతుకి దిగిపోయాయో అది కూడా చెప్పాలి. 2022లో మీవాళ్లు పామాయిల్ ఎగుమతి ఆపితే మా గెల రేటు ఎక్కడికో పోయింది, మేం సంతోషపడ్డాం, అప్పుడు మీరేమయ్యారో నాకు తెలీదు." గైడ్ వాళ్ల తమ్ముడు పామాయిల్ కంపెనీలోనే కూలికి వెళ్తాడంట, ఆ నెలలో గెలలు కొనేవాళ్లు లేక పని లేకుండా కూర్చున్నాడని చెప్పాడు. ప్రపంచంలో పామాయిల్ ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే కాబట్టి, ఈ అడవి మనకి సంబంధం లేనిదని మాత్రం నేను ఇక అనుకోలేను.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క మార్కు. మా పడవలో టాయిలెట్ నేరుగా నదిలోకే పోతుంది. బుక్ చేసేటప్పుడు చెత్త గురించి అడిగా కానీ ఇది అడగాలని తట్టలేదు. ఆ నల్లటి నీళ్లు చూశాక టాయిలెట్‌కి వెళ్లాలంటేనే మనసు ఒప్పలేదు. తాగేనీళ్లు పెద్ద క్యాన్లలోనే తెచ్చారు, ఒక్క ప్లాస్టిక్ బాటిల్ లేదు, చెత్తంతా సంచిలో కట్టి కుమాయ్‌కి తిరిగి తెచ్చారు, ఇంత చేసినవాళ్లు ఇదెందుకు వదిలేశారో. ఇంకోటి, అక్కడి ఎండాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య జనం విపరీతం, మేం ఆగస్టులో వెళ్తే క్యాంప్ లీకీ రేవులో పడవలు ఒకదానికొకటి ఆనుకుని వరసగా కట్టేసి ఉన్నాయి, ఒక పడవలో రాత్రి పదింటి దాకా పాటలు. కుదిరితే ఆ రద్దీ నెలలు తప్పించండి, వానలు పడొచ్చు, మంచెలు ఖాళీగా ఉండొచ్చు, అయినా సరే.

తిరిగొచ్చాక ఆపరేటర్‌కి టాయిలెట్ గురించి వివరంగా రాశా, డబ్బు వెనక్కి అడగలేదు. రెండు రోజులకి జవాబొచ్చింది, తమకున్న రెండు పడవల్లో ఒకదానికి వచ్చే సీజన్‌లోపు ట్యాంక్ పెట్టిస్తామని, దానికి ఎంతవుతుందో కూడా రాశారు. నాన్న ఆ మెసేజ్ చదివించుకుని మనం కొంత పంపిద్దామా అన్నారు, పంపించాం. ట్యాంక్ పెట్టాక ఫోటో పంపమన్నా, అది వచ్చిన రోజు ఇక్కడ రేటింగ్ మారుస్తాను.